మొదటి ఫీజు ఆశతో, పదో ఫీజు భయంతో

‘లాటరీ పేరుతో రిటైర్డ్ ఉద్యోగికి టోకరా.’ ‘విదేశీ గిఫ్ట్ అంటూ మహిళకు కుచ్చుటోపీ.’ జిల్లా పేజీల్లో ఇలాంటి హెడ్డింగులు మనకు అలవాటైపోయాయి. చదివాక మనం అనే మాట కూడా అలవాటైనదే: ‘అత్యాశకు పోతే అంతే మరి.’ ఆ ఒక్క మాటతో కేసు కొట్టేసి పేజీ తిప్పేస్తాం. పోగొట్టుకున్నవాడు ఆశపోతు, మనం కాదు, కాబట్టి మనకేం కాదు అని ధీమా.

ఈ లెక్క నాకెప్పుడూ కుదరలేదు. నిజంగా ఆశ ఒక్కటే కారణమైతే మనిషి మొదటి ఫీజు దగ్గరే ఆగిపోవాలి. ఆశపడ్డవాడు ఓ పది వేలు పెట్టి చూస్తాడు, రాకపోతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకుంటాడు. కానీ ఈ కేసుల్లో జనం పీఎఫ్ డబ్బు తీసి కడతారు, భార్య నగలు తాకట్టు పెట్టి కడతారు, బ్యాంకువాళ్లు వద్దన్నా కడతారు, కొడుకు ఎదురుగా నిలబడి మొత్తుకుంటున్నా కడతారు. మొదటి ఫీజు ఎందుకు కట్టారన్నది చిన్న ప్రశ్న. పదో ఫీజు ఎందుకు కట్టారన్నదే అసలు ప్రశ్న.

పోలీసుల భాషలో దీని పేరు అడ్వాన్స్ ఫీ ఫ్రాడ్. పెద్ద మొత్తం వస్తుందని చెప్పి, అది చేతికి రావాలంటే ముందు కొంత కట్టాలని గుంజడం. ఈమెయిల్ వెర్షన్‌కి నైజీరియా పేరు అంటుకుంది. అక్కడి శిక్షాస్మృతిలో ఈ రకం మోసానికి వర్తించే సెక్షన్ నంబరు 419 కాబట్టి ప్రపంచమంతా దీన్ని ‘ఫోర్ వన్ నైన్’ అంటుంది. మన 420కి పక్కింటి నంబరే. (మన 420 కూడా 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. అయినా మోసగాణ్ణి ‘త్రీ వన్ ఎయిట్’ అని ఎవరైనా తిడతారని నేననుకోను.)

పేరు నైజీరియాది గానీ పుట్టిల్లు నైజీరియా కాదు. ఫ్రాన్స్‌లో యూజీన్ ఫ్రాన్స్వా విదోక్ అని ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో నేరస్తుడు, జైలు పక్షి. తర్వాత పారిస్ పోలీసుల్లో డిటెక్టివ్ విభాగానికి అధిపతి అయ్యాడు. 1828లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఆయన ‘జెరూసలేం ఉత్తరాల’ గురించి చెప్పాడు. జైల్లో కూర్చున్న ఖైదీలు డబ్బున్నవాళ్ల అడ్రసులు సంపాదించి ఉత్తరాలు రాసేవాళ్లు. సారాంశం ఇది: ‘విప్లవంలో పారిపోయిన ఒక దొరగారి దగ్గర పనిచేసేవాణ్ణి. వెంటాడుతున్నవాళ్లకు దొరక్కుండా నగలు, బంగారం ఉన్న పెట్టెను నీళ్లలో పడేశాం. నేను జైలుపాలయ్యాను. ఆ చోటు గుర్తులున్న ట్రంకు అప్పు కింద తాకట్టులో ఉండిపోయింది. తమరు కాస్త డబ్బు సాయం చేస్తే...’ నూరు ఉత్తరాలు రాస్తే ఇరవైకి జవాబులు వచ్చేవని విదోక్ లెక్క. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఇదే కథ ‘స్పెయిన్ ఖైదీ’ పేరుతో అమెరికా, ఇంగ్లండ్‌లలో పోస్టులో తిరిగింది. 1898లోనే న్యూయార్క్ టైమ్స్ దీన్ని పోలీసులకు తెలిసిన అతి పాత మోసాల్లో ఒకటని రాసింది.

నైజీరియాకు ఇది 1980ల్లో గట్టిగా అంటుకుంది. చమురు ధరలు పడిపోయాయి, అక్కడి కరెన్సీ నైరా విలువ కుప్పకూలింది, డిగ్రీలు ఉన్నాయి గానీ ఉద్యోగాల్లేవు. మంచి ఇంగ్లీషు వచ్చిన కుర్రాళ్లు ఎయిర్‌మెయిల్ ఉత్తరాలు, టెలెక్సులు, ఫ్యాక్సులతో మొదలుపెట్టి ఇంటర్నెట్ కేఫులు రాగానే అక్కడికి మారారు. వాళ్ల కథలకు ఊతమిచ్చింది నిజమైన వార్తలే. నియంత సాని అబాచా 1998 జూన్‌లో చనిపోయాడు. ఆయన కుటుంబం దేశం సొమ్మును విదేశీ బ్యాంకుల్లో దాచిందన్నది పచ్చి నిజం, స్విట్జర్లాండ్ అందులో కొంత భాగాన్ని తర్వాత తిరిగిచ్చింది కూడా. ‘నేను అబాచా భార్యను, డబ్బు బయటికి తీయాలి, సాయం చేస్తే వాటా ఇస్తాను’ అని ఈమెయిల్ వస్తే, పేపరు చదివే మనిషికి అది పూర్తిగా కట్టుకథలా అనిపించకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఇవి పంపేవాళ్లంతా నైజీరియన్లు అనుకోవడం మాత్రం తప్పు. ‘కౌన్ బనేగా కరోడ్‌పతిలో 25 లక్షలు గెలిచారు’ అంటూ మన వాట్సాప్‌లకు వచ్చిన మెసేజీల్లో చాలావరకు +92తో మొదలయ్యే పాకిస్తాన్ నంబర్ల నుంచి వచ్చినవే. డబ్బు పడే ఖాతాలైతే మన దేశంలోవే, కమీషన్‌కి ఆశపడి అద్దెకిచ్చినవి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాడికి ఇల్లు అద్దెకివ్వడానికి ఓనర్లు నసుగుతారే, ఆ అనుమానంలో ‘నైజీరియా మోసం’ అన్న ఈ పేరు చేసిన పాపం కూడా కొంత ఉంది.

ఇక ఉత్తరం సంగతి. దాన్ని చూసిన ప్రతి ఒక్కరికీ వచ్చే అనుమానం ఒకటే. ఇంత నాసిరకంగా ఎందుకు రాస్తారు? తప్పుల తడక ఇంగ్లీషు, కోట్ల డాలర్లు, అన్నీ పెద్దక్షరాలు. పైగా నైజీరియా నుంచి రాస్తున్నానని చెప్పుకోవడం ఎందుకు? ఆ పేరు వినగానే సగంమంది అప్రమత్తం అవుతారు కదా, ఏ స్విట్జర్లాండ్ అనో చెప్పొచ్చుగా?

మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసే కార్మాక్ హెర్లీ 2012లో సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని ఒక పేపర్ రాశాడు. ఆయన వాదన మోసగాడి ఖర్చుల లెక్క మీద నడుస్తుంది. ఈమెయిల్ పంపడానికి ఖర్చు లేదు. వెయ్యిమందికి పంపినా పది లక్షల మందికి పంపినా దాదాపు ఒకటే. ఖర్చంతా జవాబు వచ్చాక మొదలవుతుంది. ప్రతి జవాబుకీ ఒక మనిషి కూర్చుని తిరిగి రాయాలి, ఫోన్‌లో మాట్లాడాలి, దొంగ సర్టిఫికెట్లు తయారుచేయాలి, వారాలూ నెలలూ వెంటపడాలి. ఇంతా చేశాక ఎదుటివాడు చివరి నిమిషంలో ‘ఇదేదో తేడాగా ఉంది’ అని తప్పుకుంటే పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి మోసగాడికి కావలసింది ఎక్కువ జవాబులు కాదు, చివరిదాకా వచ్చే జవాబులు. మధ్యలో అనుమానించే రకం మనుషులు మొదట్లోనే నవ్వి డిలీట్ చేసేయాలి. దానికి తగ్గట్టే ఉత్తరం అంత నమ్మశక్యం కాకుండా ఉంటుంది. అది జల్లెడ. పొట్టు ఎగిరిపోయాక మిగిలిన గింజల దగ్గరే వాడి పని మొదలవుతుంది.

ఇది అర్థమైతే మన ధీమా కాస్త సడలుతుంది. ఆ ఈమెయిల్‌ని చూసి నవ్వుకున్నవాళ్లం మనమేదో తప్పించుకున్నామనుకుంటాం. మనల్ని వాళ్లే వద్దనుకున్నారు, అంతే. మన కోసం రాసిన ఉత్తరం అది కాదు. మన కోసం రాసేది ఇంకోటి ఉంటుంది, అది వచ్చేటప్పుడు మనం అంత తీరిగ్గా నవ్వుకునే స్థితిలో ఉండకపోవచ్చు. కూతురి పెళ్లి నిశ్చయమై డబ్బు సర్దుబాటు కాక టెన్షన్‌లో ఉన్న నెల, ఆరు నెలలుగా ఉద్యోగం లేక రోజూ ఇరవై చోట్లకు రెజ్యూమె పంపుతున్న వారం, భార్య పోయి ఇల్లు బోసిపోయిన ఏడాది. మిగతా రోజుల్లో జల్లెడలోంచి ఎగిరిపోయే మనిషే ఆ రోజుల్లో దాని మీద మిగులుతాడు.

మిగిలాక ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కింద చెప్పేది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించే వరసను ఒక మనిషి మీద పెట్టి చెబుతున్నాను.

రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన అనుకోండి, పేరు చివర రావు. ఆయనకు లండన్ లాయరు పేరుతో ఈమెయిల్ వస్తుంది. ‘మా క్లయింటు, కాంట్రాక్టర్ మిస్టర్ రావు, కుటుంబంతో సహా ప్రమాదంలో మరణించారు. బ్యాంకులో 45 లక్షల పౌండ్లు ఉన్నాయి. వారసులు లేరు. మీ ఇంటిపేరు కూడా రావు కాబట్టి మిమ్మల్ని వారసుడిగా చూపిస్తాను.’ రావు అనేది ఇంటిపేరు కాదని మాస్టారికి తెలుసు. నవ్వొస్తుంది కూడా. కానీ వెంటనే ఆయనే సర్దుకుంటాడు: ‘పాపం తెల్లవాడు, మన పేర్లు వాడికేం తెలుసు.’ గమనించండి, కథలోని చిల్లును పూడ్చింది లాయరు కాదు, మాస్టారు. ఇక్కణ్నుంచి చివరిదాకా ఇదే తంతు. మోసగాడు చిల్లులు వదులుతూ పోతాడు, మాస్టారు తన తెలివితేటలతో వాటిని పూడుస్తూ పోతాడు.

జవాబు రాశాక వారంపాటు డబ్బు ఊసే ఉండదు. ఫారాలు నింపడం, ఆధార్ కాపీ పంపడం, సంతకం చేయడం. లాయరు రోజూ ‘సర్’ అని రాస్తాడు, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. తర్వాత ఒక వెబ్‌సైట్ లింకు వస్తుంది. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొడితే మాస్టారి పేరు మీద ఖాతా, అందులో 45 లక్షల పౌండ్ల బ్యాలెన్స్. కళ్లెదుట అంకెలు. కాకపోతే విత్‌డ్రా నొక్కితే ‘పెండింగ్’ అని వస్తుంది. ఖాతా యాక్టివేషన్‌కి 18,500 రూపాయలు కట్టాలి. గుండ్రంగా ఇరవై వేలని ఎప్పుడూ అడగరు. విరిగిన అంకెలో ఆఫీసు వాసన ఉంటుంది. కట్టగానే సీలుతో రసీదు కూడా వస్తుంది.

తర్వాత కోర్టు అఫిడవిట్‌కి 62,000. ఆ తర్వాత ఈ డబ్బుకి టెర్రరిస్టులతో సంబంధం లేదనే సర్టిఫికెట్‌కి 1,40,000. ఇప్పటికి 2,20,500 అయింది. అప్పుడు ‘రిజర్వ్ బ్యాంక్’ నుంచి ఈమెయిల్. పౌండ్లను రూపాయల్లోకి మార్చే చార్జీ 2,75,000. ఇదే ఆఖరు. గడువు శుక్రవారం సాయంత్రం.

ఈ శుక్రవారం దగ్గర ఆగాలి. మొదట్లో మాస్టారి ముందున్న ప్రశ్న ‘18,500 పెడితే కోట్లు వస్తాయా?’ అన్నది. అది ఆశ, కాదనను. ఈ శుక్రవారం నాటికి ఆయన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది కాదు. ‘ఇప్పుడు ఆపేస్తే కట్టిన 2,20,500 ఏమైపోతాయి?’ కోట్ల మీద ఆశ ఎప్పుడో పలచబడింది. ఆయన తన సొంత డబ్బు వెంట పరిగెడుతున్నాడు. ఆపడమంటే పోయిందని ఒప్పుకోవడం. కట్టడమంటే ఇంకా పోలేదని అనుకునే వీలుండటం. 2,75,000తో ఆయన కొనుక్కుంటున్నది ఆ వీలునే.

డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో చూపించింది ఇదే. లాభం కళ్లెదుట ఉంటే మనిషి జాగ్రత్తపరుడు, చేతికొచ్చింది చాలంటాడు. నష్టం ఖాయమని తెలిస్తే మాత్రం దాన్ని తప్పించుకోవడానికి జూదానికి దిగుతాడు. ఆరేళ్ల తర్వాత హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అమెరికాలోని ఒహాయోలో ఒక చిన్న ప్రయోగం చేశారు. నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గించి అమ్మారు. నాటకాలు అవే, కానీ ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారు. పెట్టిన డబ్బు మనల్ని లాగుతుంది. సినిమా బాగా లేదని తెలిసినా ఇంటర్వెల్లో లేచి రాలేని మనకు ఇందులో వింతేమీ లేదు.

మెట్టు మెట్టుగా ఎక్కించడం కూడా అనుకోకుండా వచ్చింది కాదు. 1966లో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఇళ్లకు వెళ్లి, ‘జాగ్రత్తగా నడపండి’ అనే పెద్ద వికారమైన బోర్డును మీ ఇంటి ముందు పెట్టుకోనిస్తారా అని అడిగించారు. నేరుగా అడిగితే ఒప్పుకున్నది 17 శాతంలోపే. అంతకు ముందు అదే విషయం మీద ఒక చిన్న స్టిక్కరు లాంటి బోర్డుకు ఒప్పుకున్నవాళ్లను రెండు వారాల తర్వాత అడిగితే 76 శాతం సరేనన్నారు. చిన్నదానికి ఒకసారి ఊఁ అన్నాక మనిషి తన గురించి తను అనుకునేది మారిపోతుంది. ఫారం నింపిన రోజే మాస్టారు ‘ఉత్తరం అందుకున్నవాడు’ నుంచి ‘వారసుడు’ అయిపోయాడు. మొదటి వారం డబ్బు అడగకపోవడం వెనక మర్మం అదే.

ఇప్పుడు బ్యాంకు కౌంటర్ దగ్గరికి వద్దాం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఒకప్పుడు ఆయన బడిలోనే చదువుకుంది.

‘మాస్టారూ, ఇంత పెద్ద మొత్తం పంపుతున్నారు, ఈ ఢిల్లీ అకౌంట్ ఎవరిదండీ?’

‘మా మేనల్లుడిదమ్మా. అక్కడ కోచింగ్‌లో ఉన్నాడు.’

ఆ అమ్మాయి ఇంకేం అడుగుతుంది? మాస్టారు అబద్ధం చెబుతారని ఆ ఊళ్లో ఎవరూ అనుకోరు. ఆయన కూడా అనుకోలేదు. ఈ మాట నోట్లోంచి వచ్చిన క్షణం నుంచి ఆయన ఇరుక్కున్నది డబ్బులో మాత్రమే కాదు. మోసపోయానని ఒప్పుకోవాలంటే ఇప్పుడు శిష్యురాలి ముందు అబద్ధం ఆడానని కూడా ఒప్పుకోవాలి. భార్యకు తెలియకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచానని ఒప్పుకోవాలి. ముక్కూ మొహం తెలియని శవానికి వారసుణ్ణని సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. ఈ చివరిది మరీ కష్టం. ఎందుకంటే నేరంలో తనకీ భాగముంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ స్టయానో, వీధి మోసాలను ఏళ్ల తరబడి పరిశీలించిన పాల్ విల్సన్ కలిసి మోసాల వెనక సూత్రాలు రాసినప్పుడు ఇదొక సూత్రంగా పెట్టారు: నువ్వు చేసే చిన్న తప్పే నిన్ను పోలీసుల దగ్గరికి వెళ్లనివ్వకుండా కట్టేస్తుంది. ‘ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి’ అని లాయరు మొదటి ఈమెయిల్‌లోనే రాసింది ఊరికే కాదు. ఇంట్లో ఒక్కరికి చెప్పినా రెండు నిమిషాల్లో బండారం బయటపడే కథ ఇది. చెప్పుకోలేకపోవడమే దీనికి పునాది.

బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో అక్కడి ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ కోసం మోసపోయినవాళ్ల మీద అధ్యయనం చేశారు. అందులో రెండు సంగతులు నన్ను ఆపేశాయి. ఒకటి, మోసపోయినవాళ్లు తరచూ ఆ విషయాన్ని ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో మాట్లాడకుండా దాచుకున్నారు. రెండోది ఇంకా విచిత్రం. ఆ ఆఫర్ గురించి మోసపోనివాళ్లకంటే మోసపోయినవాళ్లే ఎక్కువసేపు, ఎక్కువ కష్టపడి ఆలోచించామని చెప్పారు. ‘ఆలోచన లేకుండా పడ్డాడు’ అని మనం అనుకుంటాం. మనం ఆలోచించకుండా డిలీట్ చేశాం, మాస్టారు కూర్చుని ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ కథ బలపడింది, ఎందుకంటే ఆలోచనంతా ఆ కథలోపలే తిరిగింది.

ఇదంతా పల్లెటూరి మాస్టార్లకే అనుకునేవాళ్లకు బ్రెజిల్ సంగతి చెప్పాలి. సావ్ పాలోలో బాంకో నోరోయెస్తే అనే బ్యాంకు ఉండేది. దాని అంతర్జాతీయ విభాగం చూసే డైరెక్టరు నెల్సన్ సకగూచి. 1995లో ఆయనకు నైజీరియా సెంట్రల్ బ్యాంక్ గవర్నరు పాల్ ఒగ్వుమా పేరుతో పిలుపొచ్చింది. రాజధాని అబుజాలో కొత్త విమానాశ్రయం కడుతున్నాం, పెట్టుబడి పెట్టండి, మీకు కోటి డాలర్ల కమీషన్. మాట్లాడింది గవర్నరు కాదు, ఇమ్మాన్యుయేల్ న్వుడే అనే మరో మాజీ బ్యాంకు డైరెక్టరు. విమానాశ్రయం లేదు. 1998 నాటికి పోయింది వడ్డీతో కలిపి 24 కోట్ల 20 లక్షల డాలర్లు. సకగూచి డబ్బు పంపింది ఒకసారి కాదు, విడతలు విడతలుగా, యజమానులకు తెలియకుండా. స్పెయిన్‌కు చెందిన సాంతాందేర్ అనే బ్యాంకు నోరోయెస్తేని కొనబోతూ లెక్కలు చూస్తే, కేమన్ దీవుల్లో ఉండాల్సిన డబ్బు గురించి ప్రశ్న లేచింది. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. 2005లో నైజీరియా కోర్టు న్వుడేకి 25 ఏళ్ల శిక్ష వేసింది. పౌండ్లు, డాలర్లు, ట్రాన్స్‌ఫర్లు, గ్యారంటీలు, ఇవే వృత్తిగా బతికిన మనిషి ఎక్కింది కూడా మాస్టారు ఎక్కిన మెట్లే.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక సైకోథెరపిస్టుకు శిక్ష పడింది. ఇతరుల మనసుల్ని చదవడం ఆయన వృత్తి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈమెయిల్‌ని నమ్మి సొంత డబ్బు పోగొట్టుకున్నాక, మోసగాళ్లు పంపిన నకిలీ చెక్కులను తన ఖాతాలో వేసుకుని సొమ్ము వాళ్లకు పంపాడు. నష్టపోయినవాడే ముద్దాయి అయ్యాడు. రెండేళ్ల జైలు. మన దగ్గర ‘మీ ఖాతాలో పడే డబ్బు ఫలానా నంబరుకి పంపండి, కమీషన్ ఇస్తాం’ అన్న మాటకు ఒప్పుకున్న కుర్రాళ్లకు కూడా ఇదే గతి పడుతోంది.

ఆశ అనే కారణం ఎందుకు చాలదో చెప్పడానికి ఇంకో రకం ఈమెయిల్ చాలు. క్యాన్సర్‌తో మంచం పట్టిన వితంతువు. పిల్లల్లేరు. భర్త వదిలిన డబ్బు అనాథలకు పంచాలి, తనకు శక్తి లేదు, దైవభక్తి ఉన్న మనిషి కావాలి, మీ పేరు ప్రార్థనలో తట్టింది. దీనికి జవాబిచ్చేవాళ్లలో ఆ డబ్బుతో చర్చి కట్టిద్దాం, వృద్ధాశ్రమం పెడదాం అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను ‘అత్యాశ’ అని తిట్టడం అన్యాయం. అలాగే ఉద్యోగం మోసాలు. మాదాపూర్‌లో ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగమంటూ ఆఫర్ లెటర్ చూపించి ట్రైనింగ్ డిపాజిట్ కట్టించుకోవడం, గల్ఫ్ వీసా వచ్చేసిందని టికెట్‌కీ మెడికల్‌కీ విడివిడిగా లాగడం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెలకు ఈ కథ కొత్త కాదు. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జీకి చట్టప్రకారం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ అని పరిమితి ఉంది. లక్షలు కట్టినవాళ్లలో ఈ మాట తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ పనిచేసింది ఆశ కాదు, అవసరం.

మనకంటూ సొంతంగా ఒక వెరైటీ కూడా ఉంది: రైస్ పుల్లింగ్. పిడుగు పడిన పాత రాగి చెంబు, అందులో ఇరీడియం అనే అరుదైన లోహం చేరింది, బియ్యపు గింజల్ని లాక్కుంటుంది, నాసావాళ్లు వందల కోట్లు పెట్టి కొంటారు. కొనే ముందు పరీక్ష చేయాలి. పరీక్ష చేసే ‘సైంటిస్టు’కి ఫీజు, రేడియేషన్ సూటుకి ఫీజు, కెమికల్‌కి ఫీజు. వాన పడింది కాబట్టి పరీక్ష వాయిదా, మళ్లీ ఫీజు. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులకూ ఈ కేసులు బాగా పరిచయం. 2018లో ఢిల్లీ పోలీసులు వెండిరంగు సూట్లతో సహా ఒక తండ్రీకొడుకులను ఇదే కథ మీద అరెస్టు చేశారు. లంకె బిందెల కాలం నుంచి ఈమెయిల్ దాకా వేషం మారింది గానీ ఫీజుల వరస చెక్కుచెదరలేదు.

ఫీజు అనే మాట మనకెందుకు అనుమానం పుట్టించదంటే, మన బతుకంతా ముందు కట్టి తర్వాత పొందడమే కాబట్టి. పరీక్షకి ఫీజు, రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ, హోమ్ లోన్‌కి లాగిన్ ఫీజు, వారసత్వ సర్టిఫికెట్‌కి కోర్టు ఖర్చు. ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికి ‘ఇంకో కాగితం కావాలి’ అన్న మాటలో వింతేముంది? నిజమైన ఆఫీసు కూడా అలాగే అంటుంది కదా. నిజమైన ప్రభుత్వ పని ఎంత ముప్పుతిప్పలు పెడితే నకిలీ పని అంత నమ్మబుద్ధేస్తుంది. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు గానీ, రిజర్వ్ బ్యాంక్ పేరుతో ఈమెయిల్ పనిచేస్తున్నదంటే అందులో మన వ్యవస్థ వాటా కూడా ఉందని నా అభిప్రాయం. రిజర్వ్ బ్యాంక్ మాత్రం తాను వ్యక్తులకు ఖాతాలు నడపనని, ఎవరి లాటరీ డబ్బూ తన దగ్గర ఉండదని ఏళ్లుగా ప్రకటనలిస్తూనే ఉంది. విదేశీ లాటరీలో పాల్గొనడానికి ఇక్కణ్నుంచి డబ్బు పంపడమే విదేశీ మారక ద్రవ్యానికి సంబంధించిన ఫెమా చట్టం ప్రకారం నిషిద్ధమని 2010లోనే చెప్పింది.

ఇంట్లో ఎవరైనా ఈ మెట్ల మీద ఉన్నారని అనుమానం వస్తే మనం చేసే మొదటి పని అరవడం. ‘బుద్ధుందా, అంత చదువుకుని ఇదేం పని?’ అంటాం. మాస్టారు వినడు. వినకపోగా, నోరు మూసుకోమన్న లాయరు మాటే నిజమైందనుకుంటాడు: ఇంట్లోవాళ్లకు అర్థం కాదు, వచ్చాక చూపిస్తాను. మోసమా కాదా అన్న వాదనలోకి దిగకుండా ఒకే ఒక్క పని చేయించడం నయం. ‘నాన్నా, ఈ 2,75,000 ఆ 45 లక్షల పౌండ్లలోంచే కోసుకుని మిగతాది పంపమని రాయండి. కావాలంటే రెట్టింపు కోసుకోమనండి.’ లాయరు దగ్గర దీనికీ జవాబు ఉంటుంది, డబ్బు కోర్టు సీలులో ఉందని, ఇన్సూరెన్స్ బాండు అని. కానీ ఈసారి ఆ జవాబు చదివేటప్పుడు మాస్టారు కథకు బయట నిలబడి చదువుతాడు. తన ప్రశ్నకు వచ్చిన జవాబు కదా.

డబ్బు పంపేసి ఉంటే 1930 నంబరుకి వెంటనే ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే దాన్ని ఆపించే వీలుంటుంది. ఖాతాల నుంచి ఖాతాలకు మారి ఏటీఎంలో డ్రా అయిపోయాక చాలా కష్టం. గంటలు లెక్క, రోజులు కాదు. సిగ్గుతో గడిపిన ప్రతి రాత్రీ మోసగాడికి కలిసొచ్చే రాత్రి.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది ఊహించరు. పోయిన కొన్ని నెలలకు మాస్టారికి ఫోనో ఈమెయిలో వస్తుంది. ఈసారి ‘సైబర్ క్రైమ్ రికవరీ సెల్’ అంటారు, లేదా నైజీరియా ఆర్థిక నేరాల సంస్థ అంటారు. మీ లాయరుని పట్టుకున్నాం, బాధితుల జాబితాలో మీ పేరుంది, మీరు ఎంత కట్టారో తేదీలతో సహా మా దగ్గర ఉంది అని చదివి వినిపిస్తారు. అంకెలన్నీ సరిపోతాయి. సరిపోకుండా ఎలా ఉంటాయి, ఒకసారి కట్టినవాళ్ల జాబితాలు మోసగాళ్ల మధ్య అమ్ముడుపోతుంటాయి, కొన్నిసార్లు ఫోన్ చేసేది ఆ పాత ముఠాయే. కోట్ల ఊసు ఇప్పుడు లేదు. మీ డబ్బు మీకే ఇప్పిస్తాం, ప్రాసెసింగ్‌కి 9,800 అవుతుంది అంటారు. మాస్టారు దేనికోసమైతే పదో ఫీజు కట్టాడో సరిగ్గా దాన్నే తెచ్చి ముందు పెడతారు. 1930కి ఫోన్ చేసినందుకు, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినందుకు, ఆపిన డబ్బు తిరిగి ఇప్పించినందుకు పోలీసులు ఫీజు తీసుకోరని ఆయనకు ఆ ఫోన్ రాకముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.